పాత బైక్ ఇంజన్ నుంచి ఆయిల్ కారుతుంటే ఇంట్లోనే ఆపుకోవడం ఎలా

పొద్దున్నే బండి బయటికి తీస్తే ఇంజన్ కింద నేల మీద నల్ల మరక, నిన్న తుడిచిన చోటే ఇవాళ మళ్లీ. పాత బండి వాడేవాళ్లందరికీ తెలిసిన గోలే ఇది. దీనికి ఎక్కువమంది చేసేవి రెండు పనులు. ఒకటి, పానా తీసుకుని కనపడిన బోల్టునల్లా గట్టిగా బిగించెయ్యడం. రెండోది, ఒక ట్యూబు సిలికాన్ పేస్ట్ తెచ్చి తడి ఉన్న చోటల్లా బయటనుంచి మెత్తెయ్యడం. మొదటి పనికి మరలు పోతాయి, రెండోదానికి తర్వాత ఎప్పుడో విప్పేవాడికి చుక్కలు కనిపిస్తాయి, లీకు మాత్రం వారానికల్లా మళ్లీ హాజరు. చిన్న లీకు విషయంలో అసలు కష్టమంతా అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడంలోనే ఉంటుంది, చోటు కరెక్టుగా దొరికితే మిగిలింది చాలాసార్లు ఒక వాషరో, రబ్బరు రింగో, రెండు భాగాల మధ్య పెట్టే కాగితం ప్యాకింగో (గాస్కెట్) మార్చడమే. అందుకే ఇందులో సగం దాకా పానా పట్టుకునే పనే రాదు, ఓపిక పట్టండి.

ముందు ఇది ఇంట్లో చేసుకునే రకమేనా చూడండి. ఇంజన్ మీద దుమ్ము జిడ్డుగా అతుక్కుని ఉంటే, లేదా రాత్రంతా ఉంచితే నాలుగైదు చుక్కలు పడుతుంటే అది చిన్న లీకు, మనం చేసుకోవచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు సన్నటి ధార కడుతున్నా, చాంబర్ (ఇంజన్ కింది అల్యూమినియం పెట్టె) మీద పగులు కనపడుతున్నా, సైలెన్సర్‌లోంచి నీలం పొగ కూడా వస్తున్నా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఇంకోటి, లీకు ఎంత చిన్నదైనా ఆయిల్ వెనక టైరు మీదికో బ్రేకు మీదికో చేరుతుంటే మాత్రం ఆ బండి ఎక్కొద్దు, మలుపులో టైరు జారితే పట్టుకోవడానికి టైం ఉండదు. టైరు పక్క అంచుల్ని చేత్తో తడిమి చూడండి, జిడ్డు తగిలితే సబ్బు నీళ్లతో కడిగి లీకు ఆగేదాకా బండి పక్కన పెట్టండి.

కారేది ఇంజన్ ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోండి, నవ్వకండి, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఒక తెల్ల కాగితం మీద ఆ చుక్క తీసుకోండి. గోధుమ రంగులోనో నల్లగానో ఉండి వేళ్ల మధ్య జారుతుంటే ఇంజన్ ఆయిల్. పెట్రోల్ వాసన కొట్టి కాసేపటికి ఆరిపోతే కార్బొరేటర్ సంగతి చూడాలి. ముందు ఫోర్క్ గొట్టాల మీద జిడ్డు ఉంటే అది ఫోర్క్ ఆయిల్, గాలికి వెనక్కొచ్చి ఇంజన్ ముందుభాగం మీద పడుతుంది. ముందు స్ప్రాకెట్ కవర్ చుట్టూ నల్లగా, చిక్కగా, మట్టితో కలిసి ముద్దలా ఉంటే అది సగం సార్లు మీరు చైన్‌కి కొట్టిన లూబే, తిరిగే చైన్ దాన్ని విసిరి అక్కడ పోగేస్తుంది. ఆ ముద్ద గోకేసి రెండ్రోజులు తిరిగి చూడకుండా ఆయిల్ సీల్, అంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు బిళ్ల, కొనకండి.

ఇక ఆయిల్ లెవెల్, బ్రీదర్ పైపు

పానా కంటే ముందు చూడాల్సినవి ఈ రెండూ. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలువుగా పెట్టి, ఇంజన్ ఒక మూడు నాలుగు నిమిషాలు తిప్పి ఆపి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఆగి లెవెల్ చూడండి. సైడ్ స్టాండ్ మీద ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల) ఉన్న ఇంజన్లు చాలావాటిలో దాన్ని తుడిచి మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిట్లో తిప్పి చూడాలి, మీ బండి మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే. లెవెల్ పై గీత దాటి ఉందంటే లీకుకి కారణం అదే కావొచ్చు, ఆయిల్ ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు దాన్ని గిలక్కొట్టి నురుగు చేస్తాయి, ఆ నురుగు బ్రీదర్‌లోంచి బయటికి తన్నుకొస్తుంది. అప్పుడు కొంచెం తీసేస్తే సరిపోతుంది. కింది గీతకన్నా తక్కువుంటే ముందు నింపండి, లీకు వేట తర్వాత, ఆయిల్ లేకుండా తిప్పితే ఇంజన్ సీజ్ అవుతుంది.

బ్రీదర్ అంటే ఇంజన్ ఊపిరి తీసుకునే పైపు అన్నమాట. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా చాంబర్‌లో గాలి నొక్కుకుంటుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి జారే గ్యాసు కూడా దానికి తోడవుతుంది, అదంతా ఈ పైపులోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకో బయటికో పోవాలి. పైపు మూసుకుపోతే ఆ ప్రెషర్‌కి ఇంకో దారి కావాలి, మెత్తగా ఉన్న ప్యాకింగో, అరిగిన సీలో, ఏది దొరికితే దాన్ని తోసుకుని బయటికొస్తుంది, దాంతోపాటే ఆయిల్. ఒకచోట ఆపితే ఇంకోచోట మొదలయ్యే లీకుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

నేనైతే దీన్ని ఘోరంగా నేర్చుకున్నాను. నా పాత బండికి గేర్ షాఫ్ట్ దగ్గర ఆయిల్ చెమరుస్తుంటే సీల్ మార్చాను, నెలకి మళ్లీ తడి, సీల్ నాసిరకం అనుకుని ఇంకోటి వేశాను, ఈసారి అది ఆగింది గానీ క్లచ్ కవర్ కింద మొదలైంది, సరే అని ఆ ప్యాకింగ్ కూడా మార్చాను. చివరికి వేరే పని మీద ట్యాంకు ఎత్తితే బ్రీదర్ పైపు ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్య నలిగి చదునుగా అయిపోయి ఉంది, ముందెప్పుడో ట్యాంకు పెట్టేటప్పుడు దాన్ని సరిగ్గా చూసుకోనిది నేనే. కొండని తవ్వి ఎలుకని పట్టడం అంటే ఇదే. కొత్త పైపు వేసి దారి సరిచేశాక ఇంకెక్కడా కొత్త తడి రాలేదు.

కాబట్టి పైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుముతూ వెళ్లండి, నలిగిందా, మడత పడిందా, ముదిరి పగిలిందా చూడండి. ఊడదీసి ఊదండి, గాలి సాఫీగా పోవాలి. లోపల లేత గోధుమ రంగు మీగడలాంటిది పేరుకుని ఉంటే అది నీటి చెమ్మ, ఆయిల్ కలిసి కట్టిన ముద్ద, కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ వైపు చివర విప్పి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి ఆ చివర దగ్గర అరచెయ్యి పెట్టండి. సింగిల్ సిలిండర్ ఇంజన్ అయితే పుఫ్ పుఫ్ మని చిన్న చిన్న ఊపులు తగలడం మామూలే. అలా కాకుండా ఆగకుండా గట్టిగా గాలి, దాంతో పొగ కొడుతుంటే పిస్టన్ రింగులూ, సిలిండర్ లోపలి గోడ (బోరు) అరిగాయని అర్థం, అప్పుడు బయట ప్యాకింగులు ఎన్ని మార్చినా వృథా.

చోటు పట్టుకోవడం

ఆయిల్ కిందికి కారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే చుక్క ఎక్కడ పడుతోందో అక్కడే లీకు ఉండాలని లేదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, తడి ఉన్న వాటన్నిట్లోకీ పైనా ముందూ ఉన్న చోటే అనుమానితుడు. అది తేలాలంటే ఇంజన్ ముందు శుభ్రంగా ఉండాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, ముట్టుకుంటే వేడి అస్సలు తగలకూడదు, కిరోసిన్ లేదా డీగ్రీజర్ పోసి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. పెట్రోల్ మాత్రం వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. ఫిన్నుల (ఇంజన్ చల్లబడేందుకు ఉండే రెక్కల) సందులు, బోల్టు తలల చుట్టూ, కవర్ అంచుల వెంబడి మురికి మొత్తం పోవాలి. కార్బొరేటర్ నోరు, ప్లగ్ క్యాప్, వైర్ల జాయింట్లు ప్లాస్టిక్ కవర్‌తో కప్పుకుని తర్వాత నీళ్లతో కడగండి. గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి, సందుల్లో తడి మిగిలితే రాబోయే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

ఆరాక ఒంటికి రాసుకునే పౌడర్ తీసుకుని ఇంజన్ మీద పల్చగా చల్లండి, ముఖ్యంగా కవర్లు కలిసే గీతల వెంబడి, సీళ్ల చుట్టూ, బోల్టు తలల మీద. ఎయిర్ ఫిల్టర్ వైపు పోకుండా చూస్కోండి. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి తిప్పుతూ టార్చి లైటు పట్టుకుని చుట్టూ తిరగండి. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ మొదట చిన్న గోధుమ చుక్కలా తేలుతుంది, తర్వాత సన్నటి గీతలా కిందికి దిగుతుంది, ఆ గీతకి పై కొన ఎక్కడుందో అదే మీక్కావాల్సిన చోటు. ఆ క్షణంలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఇంకో అయిదు నిమిషాలాగితే అంతా కలగలిసిపోతుంది. నిలబెట్టి తిప్పితే ఏమీ రాకపోతే కొంచెం దూరం నడిపి వచ్చి చూడండి, కొన్ని లీకులు ఇంజన్ బాగా వేడెక్కి రివ్ పెరిగితేగానీ బయటపడవు. కొన్నయితే తీరిగ్గా రాత్రి బండి నిలబెట్టాకే మొదలవుతాయి, వాటికోసం కింద ఒక అట్టముక్క పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీసి, పొద్దున చుక్కకి సరిగ్గా పైన ఏముందో చూడండి.

పాత ఇంజన్లలో మామూలుగా దొరికే చోట్లు ఇవే: డ్రెయిన్ బోల్టు వాషర్, ట్యాపెట్ మూతల రబ్బరు రింగులు, హెడ్ కవర్, ఆయిల్ ఫిల్టర్ మూత, కుడి ఎడమ సైడ్ కవర్ల ప్యాకింగులు, గేర్ షాఫ్ట్ కిక్ షాఫ్ట్ సీళ్లు, ముందు స్ప్రాకెట్ వెనక సీల్, న్యూట్రల్ స్విచ్, మ్యాగ్నెట్ కవర్‌లోంచి (కరెంటు పుట్టించే భాగం మీది మూత) వైర్లు బయటికొచ్చే రబ్బరు బుష్. సిలిండర్ కింద బేస్ ప్యాకింగ్ దగ్గరో హెడ్ ప్యాకింగ్ దగ్గరో వస్తుంటే పైభాగం విప్పాలి, ఆ పని ఇక్కడ చెప్పట్లేదు. దానికి ముందు మాత్రం పైన ట్యాపెట్ మూతలు పొడిగా ఉన్నాయో లేదో రెండోసారి చూడండి, పైనుంచి కారింది ఫిన్నుల్లో పాకి అచ్చం బేస్ ప్యాకింగ్ లీకులా కనపడుతుంది.

సులువైనవి ముందు

డ్రెయిన్ బోల్టు దగ్గరైతే, ఆయిల్ ఎలాగూ మార్చాల్సిన టైం దగ్గర పడితే ఆ రోజే చేసెయ్యండి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి, సలసల కాగుతున్నప్పుడు కాదు. కొన్ని పాత ఇంజన్లలో ఈ బోల్టుతోపాటు స్ప్రింగు, జాలీ కూడా కిందపడతాయి, ఏది ముందు ఏది వెనక అన్నది చూసి పెట్టుకోండి. బోల్టు కింద రాగిదో అల్యూమినియందో వాషర్ ఉంటుంది, అది నలిగి ఆ సందు మూస్తుంది, అందుకే ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా పట్టదు, కొత్తది వేయాలి. పాత వాషర్ చాంబర్‌కే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి, దాని మీద కొత్తది పెడితే రెండు వాషర్ల మధ్యనుంచి కారుతుంది, వేలితో తడిమి చూడండి. కొత్తది దొరకనప్పుడు రాగి వాషర్‌నైతే మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది, అల్యూమినియం దానికి ఈ చిట్కా వద్దు.

బోల్టు మొదటి ఐదారు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగట్లేదంటే మర అడ్డంగా ఎక్కుతోందని, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. బిగింపు ఎంత అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, మామూలు 12 మిల్లీమీటర్ల డ్రెయిన్ బోల్టుకి 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కవర్లకి వాడే 6 మిల్లీమీటర్ల బోల్టులకి, అంటే 8 పానా గానీ 10 పానా గానీ పట్టేవి, దాదాపు 10 న్యూటన్ మీటర్లు, అంటే పొట్టి పానాని మణికట్టు బలంతో తిప్పితే చాలు, భుజం వాడకూడదు. బోల్టు ఉక్కు, చాంబర్ అల్యూమినియం, గొడవ పడితే ఓడిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. తెగేదాకా లాగొద్దని పెద్దవాళ్లు అన్నది ఈ బోల్టులు చూసేనేమో.

ట్యాపెట్ మూతలు, ఫిల్టర్ మూత దగ్గర ఉండేది గుండ్రటి రబ్బరు రింగు. కొత్తది గుండ్రంగా మెత్తగా ఉంటుంది, పాతది తీసి చూస్తే పలకగా అయిపోయి ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటుంది, గోరుతో నొక్కితే దిగదు. దాన్ని మార్చడమే. గాడి శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకి కొంచెం ఇంజన్ ఆయిల్ రాసి, మెలిపడకుండా కూర్చోబెట్టండి. వీటికి సిలికాన్ అవసరం లేదు.

హెడ్ కవర్‌కి రబ్బరు ప్యాకింగ్ ఉండే ఇంజన్లలో ఒక మెలిక ఉంది. ఆ బోల్టులకి మెడ దగ్గర మెట్టు ఉంటుంది, అది కింద ఆనగానే బిగింపు అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ప్యాకింగ్ మీద ఒత్తిడి పెరగదు, మర మాత్రం పోతుంది. ప్యాకింగ్‌ని నొక్కి పట్టేది నిజానికి బోల్టు తల కింద ఉండే రబ్బరు వాషర్లు. కొత్త ప్యాకింగ్ వేశాక కూడా కారుతోందని వాపోయేవాళ్లలో చాలామంది ఆ వాషర్లు మార్చి ఉండరు. రెండూ కలిపే తీసుకోండి. వాల్వుల్ని నొక్కే రాకర్లు కవర్‌కే బిగించి ఉండే పాత ఇంజన్లలో విప్పేముందు పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకి, అంటే వాల్వులన్నీ మూసుకుని ఉండే చోటికి, తెచ్చి పెట్టాలి, లేకపోతే వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడి కవర్‌ని ఒకవైపు ఎత్తి పడుతుంది.

సైడ్ కవర్ ప్యాకింగ్

చేతులు నిజంగా నల్లబడేది ఇక్కడే, తొందరపడితే పాత లీకు పోయి కొత్తది వచ్చేది కూడా ఇక్కడే. క్లచ్ వైపు కవర్ అనుకుందాం. ఆయిల్ తీసెయ్యండి. కిక్ పెడల్ తీసేముందు అది షాఫ్ట్ మీద ఏ పన్ను దగ్గర కూర్చుందో మార్కర్‌తో గీత పెట్టండి. అడ్డొచ్చే ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ తీసి, క్లచ్ కేబుల్ ఆ వైపే ఉంటే లూజు చేసి తప్పించండి.

ఇప్పుడు ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ రఫ్‌గా గీసి బోల్టులు ఉన్న చోట చిల్లులు పెట్టండి. విప్పిన ప్రతి బోల్టునీ ఆ చిల్లులోనే గుచ్చుతూ పోండి. ఇది చాదస్తం అనుకోకండి, ఆ బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు, పొడుగుది పొట్టిదాని చోట పెడితే అడుగు తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది గానీ కవర్ పట్టదు, ఇంకొంచెం తిప్పితే చాంబర్ పగులుతుంది. పొట్టిది పొడుగుదాని చోట పెడితే రెండు మరల మీదే వేలాడి ఊడొస్తుంది. ఎదురెదురుగా ఒక్కోదాన్ని సగం చుట్టు లూజు చేస్తూ రండి, ఒకేవైపు మొత్తం విప్పెయ్యకండి.

ప్లస్ తల స్క్రూలు ఉన్న పాత జపాన్ తరహా ఇంజన్లకి ఒక హెచ్చరిక. అవి చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూలే గానీ గాడి ఆకారం వేరు, జిస్ (JIS) అంటారు, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే పైకి తన్నుకొచ్చి తల అరగ్గొడుతుంది. సరైన స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి, బిగిసిపోయుంటే సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. విప్పాక వాటి బదులు అదే పొడుగు అలెన్ బోల్టులు వేసుకుంటే ఇంకోసారికి సుఖం.

బోల్టులన్నీ వచ్చాక కూడా కవర్ కదలదు, పాత ప్యాకింగ్ జిగురులా పట్టేస్తుంది. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి తన్నాలని చెయ్యి లాగుతుంది, వద్దు. ఆ సందు అంచులో పడే ఒక్క గాటు జీవితాంతం కారుతుంది. రబ్బరు సుత్తితో కవర్ చుట్టూ చిన్నగా తడుతూ రండి, కవర్ మీద బయటికి పొడుచుకొచ్చిన భాగాలు ఉంటాయి, వాటి మీద కొట్టండి. కదిలిందా, నెమ్మదిగా నిటారుగా లాగండి, కింద ట్రే పెట్టుకోండి, ఇంకా కొంచెం ఆయిల్ పడుతుంది. లాగేటప్పుడే కవర్ లోపలివైపు చూడండి, కిక్ షాఫ్ట్ వాషర్ దానికి అతుక్కుని వచ్చి ఎక్కడో కింద పడుతుంది, కొన్ని ఇంజన్లలో క్రాంక్ కొనకి ఆయిల్ అందించే చిన్న ముక్క, దాని వెనక స్ప్రింగు కవర్‌లోంచి జారిపడతాయి. రెండు డోవెల్ పిన్నులు కూడా ఉంటాయి, కవర్‌ని సరైన చోట నిలబెట్టేవి అవే. వీటిలో ఒక్కటి మర్చిపోయి మూసినా మళ్లీ మొదటికే.

పాత ప్యాకింగ్ గోకడం మీద ఎంత టైం పెడితే అంత మంచిది, నా లెక్కలో మొత్తం పనిలో సగం ఇదే. ముందు లోపలి భాగాల మీద శుభ్రమైన గుడ్డలు కుక్కండి, గోకిన పొట్టు ఆయిల్ పంపు జాలీలోకి పోకూడదు. గుడ్డలు ఎన్ని పెట్టారో లెక్క కూడా పెట్టుకోండి. ప్యాకింగ్ మీద గాస్కెట్ రిమూవరో థిన్నరో రాసి నానబెట్టి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గోకండి. మొండిగా పట్టిన చోట బ్లేడుని అల్యూమినియం మీద దాదాపు పడుకోబెట్టి నెట్టండి, కొస గుచ్చుకోకుండా. అయ్యాక కళ్లు మూసుకుని వేలు అంచు మీద ఒక చుట్టు తిప్పండి, కంటికి కనపడని గరుకు వేలికి తగులుతుంది. కవర్ వంకర పోయిందేమో అనుమానమొస్తే మందపాటి గాజు పలక మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, కిరోసిన్ చల్లి, కవర్‌ని దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దండి. అంచంతా ఒకేలా మెరిస్తే చదునుగా ఉన్నట్టు, ఎక్కడైనా నల్లగా మిగిలితే అక్కడ గుంట, ఇంకొంచెం రుద్దాలి. ఆ తర్వాత కవర్‌ని పొడి మిగలకుండా బాగా కడగండి. బోల్టు గుంతల్లో చేరిన ఆయిల్ కూడా గుడ్డ చుట్టిన పుల్లతో తీసెయ్యండి, అడుగు మూసిన గుంతలో ఆయిల్ ఉంటే బోల్టు దాన్ని నొక్కి బిగిసినట్టు భ్రమ పుట్టిస్తుంది, గుంత పగిలినా పగలొచ్చు.

కొత్త ప్యాకింగ్ వేసేముందు పాతదాని పక్కన పెట్టి చిల్లులన్నీ కలుస్తున్నాయా చూడండి, ముఖ్యంగా ఆయిల్ పోయే చిన్న చిల్లులు. పేస్ట్ రాయాలా వద్దా అని అందరూ అడుగుతారు. అంచులు చదునుగా ఉండి ప్యాకింగ్ కొత్తదైతే పొడిగా వేస్తే చాలు, నేను కవర్ వైపు మాత్రం గ్రీజు పల్చటి పొరలా రాస్తాను, ఇంకోసారి విప్పినప్పుడు చిరక్కుండా వస్తుంది. గాట్లు పడిన పాత అంచు అయితే ఆ గాటు దగ్గర వరకు పేస్ట్ పల్చగా, వేలితో పాలిష్ రాసినంత. లావుగా పెడితే బయటికి ఎంత ఉబ్బి కనపడుతుందో లోపలికీ అంతే ఉబ్బుతుంది, ఆ లోపలిది తెగి ఆయిల్‌లో తేలుతూ జాలీకో సన్నటి ఆయిల్ దారికో అడ్డం పడితే లీకు కోసం ఇంజన్‌నే పోగొట్టుకున్నట్టు. మ్యాగ్నెట్ కవర్‌లో వైర్ల బుష్ చుట్టూ మాత్రం కొంచెం పేస్ట్ కావాలి, కాగితం ప్యాకింగ్ ఆ మూలల్ని మూయలేదు.

కవర్ తిరిగి పెట్టేటప్పుడు కిక్ షాఫ్ట్ సీల్ పెదవికి గ్రీజు రాయండి. కవర్ చేతి నొక్కుడుకే దాదాపు పూర్తిగా కూర్చోవాలి. చివర మూడు నాలుగు మిల్లీమీటర్లు సందు మిగిలిందంటే లోపల ఏదో గేరు పళ్లు కలవలేదు, లేదా వాషర్ పక్కకి జరిగింది. బోల్టులతో లాగి మూయకండి, తీసి మళ్లీ చూసి, షాఫ్ట్ కొంచెం అటూ ఇటూ తిప్పి పెట్టండి. బోల్టులన్నీ చేత్తో పెట్టాక ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించండి.

ఆయిల్ సీల్

గేర్ షాఫ్ట్ సీల్ అన్నిట్లోకీ సులువు, స్ప్రాకెట్ సీల్‌కి ముందు చైన్, స్ప్రాకెట్ తియ్యాలి. విప్పేముందు సీల్‌ని బాగా చూడండి, కొన్ని ఇంజన్లలో దాని అంచు చాంబర్ గాడిలో ఇరుక్కుని ఉంటుంది, బయటనుంచి రాదు, చాంబర్ విడదీస్తేనే వస్తుంది. అలాంటిదైతే అక్కడే ఆగిపోండి. స్ప్రాకెట్ దగ్గర ఇంకో సంగతి, షాఫ్ట్ మీద ఒక కాలర్ ఉండి దాని లోపల చిన్న రబ్బరు రింగు ఉండే ఇంజన్లు చాలా ఉన్నాయి, ఆయిల్ సీల్‌ పక్కనుంచి కాకుండా షాఫ్ట్‌కీ కాలర్‌కీ మధ్యనుంచి వస్తుంటే ఆ రింగే దోషి. కొత్త సీల్ వేసినా ఆగలేదంటే మొదట అది చూడండి.

సీల్ మీద మూడు అంకెలు అచ్చై ఉంటాయి, ఉదాహరణకి 14, 24, 5 అంటే లోపలి రంధ్రం 14 మిల్లీమీటర్లు, బయటి అంచు 24, మందం 5. అదే సైజు తెచ్చుకోండి. పాతది ఎంత లోతుగా కూర్చుని ఉందో కొలిచి పెట్టుకోండి. తియ్యడానికి సీల్ ముఖం మీద చిన్న చిల్లు పెట్టి, సన్నటి స్క్రూ రెండు చుట్లు ఎక్కించి, ప్లయర్‌తో లాగితే వచ్చేస్తుంది. డ్రిల్ లోతుగా దిగితే వెనక బేరింగ్ ఉంటుంది, జాగ్రత్త, షాఫ్ట్ మీద గీత పడ్డా అంతే సంగతులు.

కొత్తదాని వెనక్కి తిప్పి చూస్తే పెదవి చుట్టూ సన్నటి స్ప్రింగు కనపడుతుంది, ఆ స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి, అంటే లోపలికి ఉండాలి. షాఫ్ట్ పళ్ల మీద ఒక చుట్టు టేపు వేసి, పెదవికి గ్రీజు రాసి, టేపు మీదుగా జార్చండి, లేకపోతే ఆ పళ్లే పెదవిని కోసేస్తాయి. బయటి అంచు సైజు ఉన్న బాక్స్ పానా ఆనించి సుత్తితో చిన్నగా కొడుతూ సమానంగా దించండి. షాఫ్ట్ మీద పాత సీల్ రాసుకుని గాడి పడి ఉంటే కొత్తదాన్ని ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెట్టండి, పెదవికి కొత్త చోటు దొరుకుతుంది, చాలాసార్లు దాంతోనే ఆగిపోతుంది.

లీకు ఆపే మందు అని ఆయిల్‌లో కలిపే సీసాలు ఉంటాయి కదా, కార్ల కోసం తయారైనవి బైక్‌లో పొయ్యకండి. మన క్లచ్ ప్లేట్లు చాలా బండ్లలో అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, జారుడు పెంచేది ఏది కలిపినా క్లచ్ స్లిప్ అవుతుంది. తడి క్లచ్ ఉన్న బండికి డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, తడి క్లచ్‌కి సరిపడుతుందన్న గుర్తు) అని ఉన్న ఆయిలే పొయ్యండి.

పేస్ట్ వాడి ఉంటే ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, చాలావాటికి ఒక రోజు పడుతుంది, అప్పుడు ఆయిల్ పోసి స్టార్ట్ చెయ్యండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి లెవెల్ మళ్లీ చూసి నింపండి. ఒక రౌండు వేసొచ్చి ఇంజన్ పూర్తిగా చల్లారాక కాగితం ప్యాకింగ్ వేసిన బోల్టులు ఒకసారి తడిమి చూడండి, ప్యాకింగ్ కొంచెం అణిగి ఒకటో రెండో లూజై ఉంటాయి, ముందు చెప్పినంత బిగింపే మళ్లీ. తీసిన పాత ఆయిల్ నేల మీదో కాలవలోనో పారబొయ్యకుండా మూత ఉన్న డబ్బాలో పోసి ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చెయ్యండి, చేతికి గ్లవ్స్ కూడా వేసుకోండి, వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఫిన్నుల సందుల్లో, కవర్ కింద దాక్కున్న పాత జిడ్డు వేడికి కరిగి దిగుతూ ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడి మళ్లీ విప్పకండి. తుడిచి, కింద కొత్త అట్టముక్క పరిచి, దాని మీద తేదీ వేసి ఉంచండి. నాలుగో రోజు పొద్దున అట్ట పొడిగా ఉంటే పానాలు లోపల పెట్టెయ్యొచ్చు.